మంచం సైజు తేలకుండా స్విచ్ బోర్డు పెట్టకండి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో కొంతమంది ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నారు, కొంతమంది ఇప్పటికే సైట్ సూపర్‌వైజర్లుగా చేస్తున్నారు, వెనక వరసలో సొంత ఫ్లాట్ పని మొదలుపెట్టబోతున్న ఓనర్లు కూడా ఉన్నారని చెప్పారు. మంచిది. రంగుల గురించి, స్టైల్ గురించి ఈరోజు నేను మాట్లాడను. అనుకున్న డబ్బుల్లో, అనుకున్న తేదీకి, ఇంటివాళ్లతో మాట పట్టింపులు రాకుండా పని పూర్తిచేసి తాళాలు ఎలా ఇవ్వాలి అన్నదాని మీదే మాట్లాడతాను.

హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని ఆలస్యమైతే అందరూ ముందు తిట్టేది కార్పెంటర్‌ని. రాలేదు, ఊరెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తట్లేదు అంటారు. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ పని ఆగిపోయిన ఏ సైట్‌కైనా వెళ్లి, ఇవాళ ఇక్కడ ఎందుకు పని జరగట్లేదు అని గట్టిగా అడిగి చూడండి. 'సార్ ఇంకా మైకా ఫైనల్ చెయ్యలేదు', 'మేడమ్ హాబ్ ఏ మోడలో చెప్పలేదు', 'పూజ గది సంగతి సిద్ధాంతిగారిని అడిగి చెప్తామన్నారు', ఇలాంటి జవాబులే వస్తాయి. మైకా అంటే చెక్క మీద అంటించే రంగు షీటు, హాబ్ అంటే గట్టులో బిగించే గ్యాస్ స్టవ్. మనుషులు ఉన్నారు, సరుకు ఉంది, ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట ఒకటి రాలేదు. అందుకే నేను పనుల షెడ్యూల్ కంటే ముందు నిర్ణయాల షెడ్యూల్ రాయమంటాను. ఇంట్లో తీసుకోవాల్సిన ప్రతి నిర్ణయానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఆ తేదీలోపల చెప్తే పైసా ఖర్చు లేదు, దాటాక చెప్తే గోడ పగలాలి. ఆ తేదీలు ఏవో ముందే పసిగట్టడం, ఇంటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పి వాళ్ల చేత టైముకి తేల్పించడం, ప్రాజెక్ట్ మేనేజర్ అసలు ఉద్యోగం ఇదే.

మాస్టర్ బెడ్‌రూం తీసుకుందాం. మంచం పెట్టే గోడ పొడవు 11 అడుగులు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డులు ఎక్కడ అని అడుగుతాడు. మంచం గురించి ఇంట్లో ఇంకా ఎవరూ మాట్లాడుకోలేదు, పాత మంచం తెచ్చుకుంటారో కొత్తది చేయిస్తారో తెలియదు. సూపర్‌వైజర్ 'మామూలుగా పెట్టే చోట పెట్టెయ్' అంటాడు. మామూలుగా పెట్టే చోటు అని ఒకటి లేదండీ. కింగ్ సైజు మంచం వెడల్పు 6 అడుగులు, అటూ ఇటూ అడుగున్నర చొప్పున సైడ్ టేబుళ్లు వేస్తే మొత్తం 9 అడుగులు, మూలల్లో ఒక్కో అడుగు మిగులుతుంది. కాబట్టి బోర్డు గోడ మూల నుంచి అడుగు దాటాక, రెండున్నర అడుగుల లోపల రావాలి. అదే 5 అడుగుల క్వీన్ సైజు అయితే టేబుల్ మొదలయ్యేదే అడుగున్నర దగ్గర. వెనక ప్యానెల్ గోడంతా వస్తుందంటే బోర్డుని ముందుకి తేవాలి, కుషన్ వేస్తే దాని మందం కూడా చూసుకోవాలి. ఇవేవీ తేలకుండా పెట్టిన బోర్డు చివరికి హెడ్‌బోర్డ్ వెనక దాక్కుంటుంది. ఆ ఇంటాయన రోజూ రాత్రి ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి మంచం దిగి అవతలి గోడ దాకా వెళ్లాలి. సరిచేద్దామంటే గోడ కొట్టాలి, పైపు మార్చాలి, పూడ్చాలి, లప్పం పెట్టాలి, ఆ ముక్కకే రంగు వేస్తే మచ్చలా కనిపిస్తుంది కాబట్టి గోడ మొత్తానికి మళ్లీ వెయ్యాలి. వెళ్లిపోయిన ఎలక్ట్రీషియన్‌ని, తాపీ మేస్త్రిని, పెయింటర్‌ని ఒకరి తర్వాత ఒకరిని మళ్లీ పిలిపించాలి. సగం రోజు పని కోసం ఎవరూ పరిగెత్తుకుంటూ రారు. మొదటి మీటింగ్‌లో 'మంచం ఎంత సైజు' అని ఒక్క ప్రశ్న అడిగుంటే ఇదంతా లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి కలిసింది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావరకు మైవాన్ పద్ధతిలో కట్టినవే. అంటే అల్యూమినియం ఫారాలు నిలబెట్టి గోడలు, స్లాబు కలిపి కాంక్రీటుతో పోస్తారు. కరెంటు పైపులు, బాక్సులు కాంక్రీటు పోయకముందే లోపల పెట్టేస్తారు. అక్కడ ఇటుక గోడ ఉండదు. ఆ గోడలే బిల్డింగ్ బరువు మోస్తాయి, లోపల ఇనుము ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్‌లో కోసినట్టు కట్టర్ పెట్టి గోడ కోసి పైపు వేస్తామంటే కుదరదు, కుదిరినా చెయ్యకూడదు. ఇనుము మీదున్న కాంక్రీటు పొర పోతుంది, నీటి చెమ్మ తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. ఇలాంటి ఫ్లాట్‌లో కొత్త పాయింట్ కావాలంటే వైరు ఫాల్స్ సీలింగ్ లోంచి, వార్డ్‌రోబ్ వెనక నుంచి, టీవీ ప్యానెల్ చాటు నుంచి తిప్పుకు రావాలి. అంటే ఏ గోడకి ప్యానెల్ వస్తుందో, సీలింగ్ ఎక్కడ దిగుతుందో తేలకుండా ఎలక్ట్రికల్ డ్రాయింగ్ వెయ్యడం కుదరని పని. కాబట్టి ఫ్లాట్ చేతికి రాగానే బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్, ఎలక్ట్రికల్ డ్రాయింగ్, ప్లంబింగ్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి. ఓనర్ అడిగితే ఇస్తారు, మనం అడిగితే తిప్పుతారు, అందుకని ఓనర్ చేతే అడిగించండి.

దీంతో పాటే ఇంకో జాగ్రత్త. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్ల లోపల నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి ఓనర్ చెప్తే, 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి. ఇది ఓనర్‌కి చాలా విలువైన హక్కు. మనం బాత్రూంలో టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతీశామనుకోండి, తర్వాత కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తే బిల్డర్ 'మీ ఇంటీరియర్ వాళ్లు చేసిందే' అంటాడు, కాదని నిరూపించడం కష్టం. అందుకే తాళాలు తీసుకున్న రోజే ప్రతి గదీ, ప్రతి గోడా, కిటికీ అంచులు, బాత్రూం మూలలు తేదీతో సహా వీడియో తీసిపెట్టండి. పగులు, చెమ్మ ఏదున్నా పని మొదలుపెట్టకముందే ఓనర్ చేత బిల్డర్‌కి మెయిల్ పెట్టించండి. బాత్రూం ముట్టుకోవాల్సి వస్తే వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు కట్టి కనీసం ఒక రోజంతా నిలవుంచి, కింది ఫ్లాట్‌లోకి వెళ్లి చూసి, అప్పుడే టైల్స్ వేయించండి.

వంటగది దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇల్లు మొత్తంలో నిర్ణయాలు ఒకదానికొకటి ముడిపడి ఉండేది అక్కడే. గట్టు ఎత్తు ఎంత ఉండాలి? అత్తగారు కొంచెం పొట్టి, చేతికి అందాలి, 32 అంగుళాలు చాలు అంటారు. కోడలు డిష్‌వాషర్ కొంటానంటుంది. ఇక్కడ లెక్క వెయ్యండి. 32 అంగుళాలంటే సుమారు 81 సెంటీమీటర్లు. పైన గ్రానైట్ మందం 2 సెంటీమీటర్లు తీసేస్తే కింద మిగిలేది 79. విడిగా నిలబెట్టే పెద్ద డిష్‌వాషర్లు చాలావరకు 84 సెంటీమీటర్లు దాటి ఉంటాయి. పై మూత తీసినా 79లో పట్టవు. గట్టు 34 అంగుళాలు చేసినా మూత తీస్తేగానీ పట్టనివి ఉన్నాయి. కాబట్టి మోడల్ తెలియకుండా గట్టు ఎత్తు ఖాయం చెయ్యకూడదు. ఇద్దరి మాటా నెగ్గే దారి కూడా ఉంది. స్టవ్ ఉన్న వైపు గట్టు 32 అంగుళాలు ఉంచి, సింక్ వైపు 35 దాకా పెంచి డిష్‌వాషర్ ఆ కింద పెట్టొచ్చు. గిన్నె లోపలికి తొంగిచూసి కలపడానికి స్టవ్ తక్కువ ఎత్తులో ఉంటేనే హాయి, సింక్ అడుగు లోతుగా ఉంటుంది కాబట్టి అది ఎత్తుగా ఉంటే నడుం వంగక్కర్లేదు. లేదంటే మిషన్‌ని యుటిలిటీలోకి పంపాలి, అప్పుడు అక్కడ నీటి లైను, బయటికి పోయే లైను, 16 ఆంపియర్ పాయింట్ మూడూ ఉన్నాయో లేదో చూడాలి. ఇదంతా కాగితం మీద ఉన్నప్పుడు అరగంట మాట. గ్రానైట్ పరిచాక అయితే ఏం చేస్తారు చెప్పండి?

హాబ్ కూడా అంతే. ప్రతి హాబ్‌కీ గ్రానైట్‌లో కోయాల్సిన కొలత వేరు. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకి కూడా వేరుగా ఉంటుంది. 'మూడు బర్నర్లది కొంటాం లెండి' అంటే సరిపోదు, మోడల్ నంబర్ కావాలి, అంతకంటే మంచిది హాబ్, సింక్ రెండూ కొని సైట్‌కి తెచ్చాకే కోయించడం. హాబ్ కిందికి ఎంత దిగుతుందో దాన్నిబట్టి కింద మొదటి డ్రాయర్ లోతు మారుతుంది. గ్యాస్ పైపు ఎటు నుంచి వస్తుందో దాన్నిబట్టి డ్రాయర్ వెనక ఖాళీ వదలాలి. చిమ్నీ వెడల్పు తెలిస్తేనే పైన క్యాబినెట్లు విడగొట్టగలం, దాని పొగగొట్టం ఏ కిటికీ నుంచో ఏ గోడ నుంచో బయటికి పోవాలో తెలిస్తేనే సీలింగ్ మూయగలం. గ్రానైట్ మన దగ్గర దొరకదన్న బాధ లేదు, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ దేశాలు దాటి వెళ్తున్నాయి. కానీ పేరు చెప్పి ఫోన్లో ఆర్డర్ ఇవ్వకండి. ఒక్కో రాయి చుక్క ఒక్కోలా ఉంటుంది. ఓనర్‌ని వెంటబెట్టుకుని యార్డుకి వెళ్లి, గట్టు మొత్తానికి ఒకే రాతి నుంచి కోసిన పలకలు చూసి, వాటి మీద ఫ్లాట్ నంబర్ రాయించి రండి. మాడ్యులర్ కిచెన్ అయితే ఫ్యాక్టరీకి పంపే ఆఖరి కొలతలు గోడల టైల్స్, నేల, గ్రానైట్ ఎత్తు అన్నీ తేలాక మళ్లీ తీసుకోవాలి. డ్రాయింగ్‌లో 10 అడుగులున్న గోడ సైట్‌లో పైన ఒకలా, మధ్యలో ఒకలా, కింద ఒకలా ఉంటుంది. మూడు చోట్లా కొలిచి, తక్కువ వచ్చిన కొలతకి వెళ్లండి, మిగిలిన సందు ఫిల్లర్ పట్టీతో మూయొచ్చు. పెద్దగా వచ్చిన పెట్టెని మాత్రం సైట్‌లో ఏమీ చెయ్యలేం.

వాస్తు సంగతి చాలామంది డిజైనర్లు విసుక్కుంటారు. విసుక్కోకండి. నమ్మకం ఉన్న ఇంట్లో అది కూడా గట్టు ఎత్తులాగే ఒక డిజైన్ కొలత. ఆగ్నేయంలో స్టవ్, తూర్పు ముఖంగా నిలబడి వండటం, ఈశాన్యంలో పూజ, నైరుతిలో పెద్దవాళ్ల గది, బీరువా ఎటు తెరవాలి, ఇవి మొదటి వారంలోనే అడిగేయండి. వాస్తు చూసే ఆయన ఎవరైనా ఉంటే ఫ్లోర్ ప్లాన్ ఆయనకి ఇప్పుడే పంపించి చూపించుకోండి అని మీరే చెప్పండి. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఇంటి పెద్దలకి మీ మీద గౌరవం పెరుగుతుంది. అలా కాకుండా సగం పనిలో ఊరి నుంచి పెదనాన్నగారు వచ్చి పూజ మందిరం చూసి ఇది ఇక్కడ వద్దు అంటే, ఆయన తప్పేం లేదు. ఆయన్ని అడగాల్సిన రోజు మనం అడగలేదు, అంతే.

అసలు ఎవరు నిర్ణయిస్తారు? ఇది సున్నితమైన విషయం. కొనేది డల్లాస్‌లో ఉన్న అబ్బాయి, ఇక్కడ సైట్‌కి వచ్చేది వాళ్ల నాన్నగారు, రంగులు చూసేది కోడలు, డబ్బు విషయంలో బావమరిదిగారు సలహా ఇస్తారు. నలుగురూ మంచివాళ్లే, నలుగురికీ ఆ ఇల్లంటే ప్రేమే. కానీ కార్పెంటర్‌కి నాలుగు మాటలు వెళ్తే ఐదో రకం పని జరుగుతుంది. అందుకని అగ్రిమెంట్ రోజే మర్యాదగా అడగండి, 'సార్, అందరి సలహాలూ తీసుకుందాం, చివరి మాట మాత్రం ఎవరిదో చెప్పండి' అని. ఆ పేరు రాసుకోండి. సైట్‌లో ఎవరు ఏం చెప్పినా మీ సూపర్‌వైజర్ 'అలాగే అంకుల్, రాసుకుంటాను, సార్‌ని అడిగి చేస్తాం' అనాలి, వెంటనే రంపం ఎత్తకూడదు. టైము తేడా కూడా మర్చిపోవద్దు. ఇక్కడ పొద్దున 10 గంటలంటే డల్లాస్‌లో రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. పని మొదలయ్యాక అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేసరికి ఆ రోజు అయిపోతుంది. రేపటికి ఏం తెలియాలో ఇవాళ సాయంత్రం 7 గంటలకి పంపిస్తే వాళ్లకి అప్పుడే తెల్లవారి ఉంటుంది, పడుకుని లేచేసరికి మీకు జవాబు ఉంటుంది. వాయిస్ మెసేజ్‌లో చెప్పినదాన్ని మీరే మళ్లీ రెండు లైన్లు టైప్ చేసి 'ఇంతేకదా సార్' అని పెట్టి, ఆయన ఓకే అన్నాకే కదలండి. మూడు నెలల తర్వాత ఆ వాయిస్ మెసేజ్ ఎక్కడుందో వెతకడం ఎవరి వల్లా కాదు.

కొటేషన్ల గురించి ఓనర్లు బాగా వినాలి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుని చదరపు అడుగు రేటు ఎవరిది తక్కువో వాళ్లకి ఇచ్చేస్తారు. ఆ చదరపు అడుగు దేనిది? 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్, పైన 2 అడుగుల అటక అనుకోండి. ఒకాయన అటకతో కలిపి 63 చదరపు అడుగులు అంటాడు, ఇంకొకాయన 49 మాత్రమే రాసి అటక విడిగా వేస్తాడు. ఒకరి రేటులో లోపల కూడా మైకా ఉంటుంది, మరొకరి రేటులో లోపల ఉత్త చెక్కకి రంగు. పెట్టె 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తోనా, 16తోనా? వెనక పలక ఎంత మందం? డ్రాయర్లు, హ్యాండిళ్లు, సాఫ్ట్ క్లోజ్ కబ్జాలు, అంటే చప్పుడు లేకుండా మూసుకునే తలుపు బందులు, రేటులో ఉన్నాయా, ఎక్స్‌ట్రానా? 18 శాతం జీఎస్టీ కలిపా, విడిగానా? ఇవన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాక చూస్తే, తక్కువనుకున్నది తరచూ తక్కువ కాదు. ప్లైవుడ్ దగ్గర 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట నమ్మకండి, షీట్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 కింద ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అని రెండు రకాలు వస్తాయి. ఎంఆర్ అంటే గాలిలో తేమని తట్టుకునేది, పొడి గదుల్లో వార్డ్‌రోబ్‌లకి సరిపోతుంది. బీడబ్ల్యూఆర్ అంటే మరిగే నీటిని కూడా తట్టుకునేది. మెరైన్ ప్లై అంటే ఐఎస్ 710 ముద్ర ఉండాలి, సింక్ కింద పెట్టెకి నేనైతే అదే వాడమంటాను. సరుకు దిగిన రోజే, కోయకముందే, ప్రతి కట్టలో ఆ ముద్రల్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. మైకా అంటించాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు, ఆ ఫొటో ఒక్కటే మీ మాట నిలబెడుతుంది.

రంగు శాంపిల్ ఫోన్ స్క్రీన్ మీద ఒప్పించకండి. మైకా ముక్క చేతిలో పెట్టి, అదే గదిలో, పగటి వెలుగులో ఒకసారి, సాయంత్రం అక్కడ పెట్టబోయే లైటు కింద ఒకసారి చూపించి, వెనక కోడ్ నంబర్ రాసి సంతకం తీసుకోండి. రెండో ఎంపిక కూడా అప్పుడే రాయించుకోండి, ఎందుకంటే కోడ్లు ఆగిపోతుంటాయి. టైల్స్ పది శాతం ఎక్కువ తెప్పించండి, డబ్బాల మీద బ్యాచ్ నంబర్లు ఒకటేనా చూడండి. తర్వాత తెచ్చిన నాలుగు డబ్బాలు ఎప్పుడూ కొంచెం తేడాగానే ఉంటాయి.

ఇక ముహూర్తం. మన ఇళ్లలో పని గడువు పెట్టేది మనం కాదు, పంచాంగం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని గృహప్రవేశం పెట్టుకోరు, కాబట్టి అందరి తేదీలూ మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం అంటూ కొన్ని వారాల్లోనే వచ్చి పడతాయి. ఆ వారాల్లో పెయింటర్ దొరకడు, డీప్ క్లీనింగ్ వాళ్లు దొరకరు. దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. ముందు మంచి ముహూర్తానికి పాలు పొంగించుకుని పూజ చేసుకోండి, కాపురం మాత్రం పని మొత్తం అయ్యాక మారండి. చాలా కుటుంబాలు దీనికి సంతోషంగా ఒప్పుకుంటాయి, తేదీ ఒత్తిడి సగం తగ్గుతుంది. అయితే పూజ అయ్యాక గోడ పగలగొట్టడం కొంతమందికి పట్టింపు, అందుకని పగలగొట్టే పనులు, కట్టే పనులు దానికి ముందే ముగించండి. పనివాళ్ల పండగలు కూడా మీ క్యాలెండర్‌లో ఉండాలి. ఇక్కడ పనిచేసే కార్పెంటర్లలో రాజస్థాన్, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. హోలీకి వెళ్తారు, దీపావళికి వెళ్తే బీహార్ వాళ్లు ఛఠ్ పూజ అయ్యాకే వస్తారు. వెళ్లనివ్వండి, సంవత్సరానికి ఒకసారి పిల్లల్ని చూసుకునేది అప్పుడే. టికెట్లు ఎప్పటికి తీశారో ముందే అడిగి, ఆ రోజులు లేనట్టే షెడ్యూల్ వేసుకోండి. వానాకాలంలో లప్పం, పాలిష్ ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అవీ కలుపుకోండి.

అపార్ట్‌మెంట్ నియమాలు మొదటి రోజే అడిగి తీసుకోండి. డ్రిల్లింగ్ ఏ టైములో, ఆదివారం పని ఉందా లేదా, డిపాజిట్ ఎంత, చెత్త ఎక్కడ పోయాలి. సర్వీస్ లిఫ్ట్ లోపల టేపు పెట్టి కొలవండి. ప్లైవుడ్ షీట్ 8 అడుగులు, వాల్చి పెట్టినా పట్టకపోతే 22వ అంతస్తుకి మెట్ల మీద మనుషులు మోయాలి. ఆ కూలీ ఎవరిదో కొటేషన్‌లోనే ఉండాలి, మోసేవాళ్ల నడుముల సంగతి కూడా ఆలోచించాలి. వీలైతే కింద పార్కింగ్‌లోనో గోడౌన్‌లోనో సైజుకి కోయించి పైకి పంపండి.

పనుల వరస మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. పగలగొట్టడం, కట్టడం ముందు, తర్వాత ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పైపులు, ఏసీ రాగి పైపులు, దాని నీటి పైపు వాలు, ఆ తర్వాతే ఫాల్స్ సీలింగ్, దాని వెనక లప్పం, ప్రైమర్, ఒక కోటు రంగు, ఆపైన చెక్క పని, చివరి కోటు రంగు అన్నిటికంటే ఆఖరున. సీలింగ్ మూసేముందు ప్రతి గది పైకప్పునీ టేపు కనిపించేలా ఫొటో తీయండి, రేపు ఫ్యాను హుక్కు ఎక్కడో, పైపు ఎక్కడో ఆ ఫొటోనే చెప్తుంది. నేల పాడవకుండా మొదటి రోజే దాని మీద షీటు పరిచి పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పోయండి.

డబ్బు. అడ్వాన్స్ ఇవ్వడం తప్పు కాదు, సరుకు కొనాలి కదా. కానీ తర్వాతి వాయిదాలు తేదీలకి కట్టకండి, కంటికి కనిపించే పనికి కట్టండి. 'పెట్టెలు నిలబడ్డాక ఇంత, షట్టర్లు బిగించాక ఇంత' అని. చివరి 5 నుంచి 10 శాతం, చిన్న చిన్న లోపాల జాబితా పూర్తయ్యేదాకా ఓనర్ దగ్గరే ఉండాలి, ఆ జాబితా కూడా ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి ఒకేసారి రాయాలి, రోజుకొకటి కలపకూడదు. చివరి డబ్బు ఎగ్గొట్టే ఓనర్లూ ఉన్నారు, మేస్త్రికి అది అతని మనుషుల జీతం, అందుకని జాబితా పూర్తయిన రోజే ఇచ్చేయాలని కూడా కాగితం మీదే రాసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

మొదటి ప్రశ్న, ఒప్పుకున్నాక క్లయింట్ మార్పు అడిగితే ఏం చెయ్యాలి అని. కుదరదు అనకండి, అది వాళ్ల ఇల్లు. మూడు విషయాలు రాసి పంపండి: ఏం మారుతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది, తేదీ ఎన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. అందరూ డబ్బు రాస్తారు, రోజులు రాయరు, గొడవ అక్కడే వస్తుంది. ఆరు చిన్న మార్పులు కలిపి తేదీ మూడు వారాలు వెనక్కి జరిగితే, ఓనర్‌కి గుర్తుండేది మూడు వారాలే. ప్రతిసారీ కొత్త తేదీ రాసి ఓకే తీసుకుంటూ వెళ్తే 'మూడు వారాలు ఆలస్యం' అనాల్సిన అవసరం ఎవరికీ రాదు.

వెనక ఉన్న మేడమ్ అడిగారు, మాడ్యులర్ కంపెనీకి ఇవ్వాలా, కార్పెంటర్‌ని పెట్టుకోవాలా అని. మీరు రోజూ సైట్‌కి వెళ్లగలరా మేడమ్, అది చెప్పండి ముందు. వెళ్లగలిగితే, డ్రాయింగ్ వేసిచ్చే మనిషి తోడుంటే, మంచి కార్పెంటర్‌తో ఘనమైన పని చేయించుకోవచ్చు. రాణీగంజ్‌లో హార్డ్‌వేర్, ట్రూప్ బజార్‌లో లైట్లు మీరే చూసి కొనుక్కోవచ్చు, సైజులు గోడకి తగ్గట్టు వస్తాయి. వెళ్లలేకపోతే, వేరే ఊళ్లో ఉంటే, ఫ్యాక్టరీ పనే మేలు, ఇంట్లో దుమ్ము తక్కువ, అంచులు శుభ్రంగా వస్తాయి. కానీ ఫ్యాక్టరీకి డ్రాయింగ్ వెళ్లాక మార్పు ఉండదు, కాబట్టి సంతకం పెట్టేముందు ఆ డ్రాయింగ్ పట్టుకుని సైట్‌కి వెళ్లి, నేల మీద చాక్‌పీస్‌తో గట్టు, ఫ్రిజ్, తలుపు తెరుచుకునే మేర గీయించి, ఇద్దరు మనుషులు అందులో నిలబడి తిరగగలరో లేదో చూసుకోండి.

ఆఖరి ప్రశ్న, ఈ బాబు సూపర్‌వైజర్ అనుకుంటా, కార్పెంటర్ సగంలో వదిలేసి వెళ్లిపోతే ఎలా అని. ముందు ఎందుకు వెళ్లాడో కనుక్కో. డబ్బు రాకపోయినా వెళ్తారు, ఖాళీగా కూర్చోబెట్టినా వెళ్తారు. రోజు కూలి మీద బతికే మనిషిని 'మైకా ఫైనల్ అవ్వలేదు, రెండ్రోజులు ఆగు' అంటే అతను పని ఉన్న చోటికి పోతాడు, పోవాలి కూడా. నిజంగానే మాట తప్పి వెళ్లినవాడైతే, అతను చేసిన పనిని ఓనర్ ముందు కొలిచి, ఎంత ఇచ్చాం, ఎంత బాకీ అన్నది ఆ రోజే రాసి లెక్క తేల్చు. ప్రతి గది గోడ మీద ఆ గది డ్రాయింగ్, కొలతలు, మైకా కోడ్లు అంటించి ఉంటే కొత్త జట్టు మర్నాడే పని అందుకుంటుంది. కొలతలన్నీ పాత మేస్త్రి జేబులో చీటీ మీదే ఉంటే మళ్లీ మొదటి నుంచి కొలవాలి. కాబట్టి ఈరోజు ఇక్కడి నుంచి సైట్‌కి వెళ్తే, ఆ ప్రింట్లు తీయించి అంటించు.